జవాబు రానివాళ్ళకు మన ప్రార్థనల్లో చోటుందా?

ఈ మధ్య మా సంఘం యువజన కూటానికి బయటి ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చారు. మంచి వాక్చాతుర్యం ఉన్న మనిషి. పిల్లలు కదలకుండా విన్నారు. ప్రసంగం మధ్యలో ఆయన ఒక మాటన్నారు: "కళ్ళు మూసుకుని ఊరికే కూర్చుంటే అది ప్రార్థన కాదు. అది వేరే మతాలవాళ్ళ ధ్యానం. మనసు ఖాళీ చేసుకుంటే అందులోకి దురాత్మలు వస్తాయి. క్రైస్తవుడన్నవాడు నోరు తెరిచి అడగాలి." పిల్లలందరూ గట్టిగా ఆమెన్ అన్నారు.

ఇంటికొచ్చాక మా అన్నయ్య కూతురు నన్ను పక్కకు పిలిచి అడిగింది: "అత్తా, నువ్వు పొద్దున్నే ఏమీ మాట్లాడకుండా కూర్చుంటావు కదా. అది తప్పా?"

తప్పు కాదని ఆ పిల్లకు అప్పటికప్పుడు చెప్పాను. కానీ ఎందుకు కాదో చెప్పాలంటే చాలా దూరం వెళ్ళాలి. ఆ ప్రసంగీకుడి మాట ఆయనొక్కడిదే అయితే ఇంత ఆలోచించేదాన్ని కాదు. మన సంఘాల్లో చాలామంది లోపల ఉన్న భయమే అది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మౌనానికి చోటులేని ప్రార్థన, అడిగింది దొరికినవాళ్ళకే సరిపోతుంది. దొరకనివాళ్ళు అందులో ఎక్కడ కూర్చోవాలో తెలియక బయటికి వెళ్ళిపోతారు. మనశ్శాంతి కోసం మౌనం మంచిదని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను చెప్పేది దాని గురించి కాదు. పక్క మనిషి కోసం మనకు మౌనం కావాలి.

ఖాళీ ఇల్లు

ముందు, ఖాళీ మనసులోకి దురాత్మలు వస్తాయన్న మాటకు ఆధారంగా చూపే ఖాళీ ఇంటి సంగతి. మత్తయి సువార్తలో వదిలిపోయిన అపవిత్రాత్మ తిరిగొచ్చి, ఊడ్చి అలంకరించి ఉన్న ఖాళీ ఇంటిని చూసి, తనకంటే చెడ్డవైన మరో ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చి అందులో కాపురం పెట్టిందని ఉంది. దాన్ని చూపించి మౌనం ప్రమాదమంటారు. ఆ మాట చెప్పింది ఎవరికి? యోనాకంటే గొప్పవాడైన యేసు ఎదురుగా నిలబడి ఉన్నా, ఆయన్ని లోపలికి రానివ్వని తరానికి. ప్రభువు ముందు మాటలు మాని కూర్చున్న మనిషి ఇల్లు ఖాళీగా లేదు. ఎవరి కోసం కూర్చున్నాడో ఆయనే అక్కడ ఉన్నాడు. ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఒకే గదిలో ఉన్నంత మాత్రాన ఆ గది ఖాళీ అయిపోతుందా?

"ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న మాటను మనం క్యాలెండర్ల మీద, గోడల మీద, కారు అద్దాల మీద కూడా రాసుకుంటాం. కొండలు సముద్రంలో పడుతున్నప్పుడు, రాజ్యాలు కదిలిపోతున్నప్పుడు, యుద్ధాల నడుమ వచ్చిన మాట అది. తీరికగా ఉన్నవాళ్ళకు చెప్పినది కాదు.

బైబిల్లో పిల్లలు లేక బాధపడిన హన్నా సంగతి నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఆమె మనసులోనే ప్రార్థించింది. పెదవులు కదిలాయి గానీ స్వరం వినబడలేదు. మందిరంలో కూర్చున్న యాజకుడు ఏలీ ఆమెను చూసి తాగి ఉందనుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా ప్రార్థనలు చేయించిన మనిషికి, ఎదురుగా జరుగుతున్న ప్రార్థన ప్రార్థనలా కనిపించలేదు. "నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను" అని హన్నా తానే చెప్పుకోవలసి వచ్చింది. పాపం ఏలీ చెడ్డవాడేమీ కాదు. విషయం అర్థమయ్యాక ఆశీర్వదించి పంపాడు. కానీ అర్థమయ్యేలోగా ఆమెను ఒక మాట అనేశాడు. మన మందిరాల్లోనూ అలాంటి మాటలు పడి, మారు చెప్పుకోలేక వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు.

అక్క కొడుకు

నాకు వరసకు అక్క ఒకామె ఉంది. కొన్నేళ్ళ కిందట వానాకాలంలో ఆమె కొడుక్కి డెంగీ వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని గుంటూరు తీసుకెళ్ళారు. సంఘం వాట్సాప్ గ్రూపు నిండా ప్రార్థనలే. పాస్టరుగారు ఉపవాస ప్రార్థన పెట్టారు. వేరే ఊళ్ళ నుంచి కూడా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. "ఈ బిడ్డ బ్రతుకుతాడు, దేవుడు నాతో మాట్లాడాడు" అని ఒకరు పంపిన ఆడియోను అక్క ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని మళ్ళీ మళ్ళీ వింది. ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను. పిల్లవాడు దక్కలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో ప్రార్థన చేశారు. మంచి మనసుతోనే చేశారు, నాకు అనుమానం లేదు. కానీ ప్రతి ప్రార్థనలోనూ ఒక వివరణ ఉంది. మంచి పువ్వును దేవుడు ముందే కోసుకున్నాడని ఒకరు. ఇంకా పెద్ద ఆపద నుంచి తప్పించడానికి తీసుకెళ్ళాడని ఒకరు. మన ప్రార్థనలో ఎక్కడో లోపముంది, క్షమించు ప్రభువా, అని మరొకరు. ఆ చివరి మాటకు అక్క తలెత్తి చూసింది. ఆ చూపు చూసినవాళ్ళం ఎవరమూ ఏమీ అనలేకపోయాం.

మా సంఘంలో ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే ఒక ముసలామె ఉంది. ఇంటింటికీ పాలు పోస్తుంది. ఆమె ఆ తర్వాత చాలా రోజులు మధ్యాహ్నం పూట వచ్చి అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని వెళ్ళేది. మంచినీళ్ళు అందించడం, చీకటి పడితే లైటు వేయడం, అంతే. చాలాకాలం తర్వాత అక్క నాతో ఆమె గురించి అన్న మాట ఇది: "ఆమె లోపల ఏం ప్రార్థన చేసుకుందో నాకు తెలీదే. నన్ను ఆమెన్ అనమని మాత్రం అడగలేదు."

యోబు స్నేహితులు కూడా మొదట అదే చేశారు. అతని బాధ ఎంత పెద్దదో చూసి, ఒక్క మాట పలక్కుండా ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్ళు అతనికి నిజమైన స్నేహితులు. నోరు తెరిచాక దేవుడి తరఫున వాదించడం మొదలుపెట్టారు. చివరికి దేవుడే వాళ్ళ మీద కోపపడ్డాడు.

సమాధి అయిన కొన్ని వారాలకు ఆదివారం సాక్ష్యాల సమయంలో ఇంకో కుటుంబం లేచింది. వాళ్ళ పాపకు కూడా డెంగీ వచ్చి తగ్గింది. "మేము విశ్వసించాం గనుక దేవుడు విడిచిపెట్టలేదు" అని ఆ తల్లి కన్నీళ్ళతో చెప్పింది. ఆమె సంతోషంలో అబద్ధమేమీ లేదు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మూడో వరసలో అక్క కూర్చుని ఉంది. వెంటనే కీబోర్డు మొదలైంది, స్తుతి పాట అందుకున్నారు. ఆ చప్పట్లకూ ఆ పాటకూ మధ్య ఒక్క నిమిషం ఆగి ఉంటే ఎవరైనా ఆ మూడో వరస వైపు చూసేవాళ్ళేమో. ఆ తర్వాత అక్క చాలాకాలం గుడికి రాలేదు. బ్యాక్‌స్లయిడ్ అయిపోయింది, అంటే విశ్వాసం నుంచి జారిపోయింది అన్నారు.

మౌనం గురించి నేను మాట్లాడేదంతా ఆ ఒక్క నిమిషం గురించే. జవాబు వచ్చినవాళ్ళకు సాక్ష్యముంది, పాట ఉంది, చప్పట్లున్నాయి. జవాబు రానివాళ్ళకు మన ఆరాధన క్రమంలో ఏముంది? కీర్తనల గ్రంథంలో ఎనభై ఎనిమిదో కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. దాని తర్వాత ఓదార్పు లేదు, అయినా స్తుతించెదను అన్న మాట కూడా లేదు. దాన్ని అలాగే లేఖనంలో ఉంచారు. మా గుళ్ళో ఆ కీర్తన చదవగా నేనెన్నడూ వినలేదు.

"మళ్ళీ నోరు మూసుకోమంటావా?"

ఈ మాటలన్నీ ఒకసారి మా పెదనాన్న దగ్గర అన్నాను. ఆయన మా సంఘ పెద్దల్లో ఒకరు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన చెప్పిన సమాధానం తేలికగా కొట్టిపారేసేది కాదు.

"అమ్మా, మా తాతల కాలంలో మాదిగపల్లె మనిషి ఊళ్ళోకి వస్తే గొంతెత్తే వీల్లేదు. దొర ఎదురొస్తే పక్కకు తప్పుకుని తల దించుకుని నిలబడాలి. మనకు మౌనం కొత్త కాదు, తరాల తరబడి దాన్నే తిన్నాం. మొదటిసారి మనవాడు పదిమందిలో లేచి, దేవుణ్ణి 'తండ్రీ' అని గట్టిగా పిలిచిన చోటు గుడి. ఆ రోజే మనుషులమయ్యాం. ఇప్పుడు చదువుకున్నదానివి నువ్వొచ్చి మళ్ళీ నోరు మూసుకోమంటావా?"

ఆయన మాటకు మా నేల మీద చరిత్ర ఉంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వి బతికినవాళ్ళు. ఆ జనానికి ప్రార్థన అంటే మొదటిగా గొంతు. చదువురాని మనిషి పదిమందిలో లేచి తన మాటల్లో దేవుడితో మాట్లాడడం, ఆ మాటకు అందరూ ఆమెన్ అనడం ఎంత పెద్ద విషయమో మనం మరిచిపోతే అన్యాయం. మైకు, సౌండ్ బాక్సులు చూసి చిరాకుపడేవాళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

బర్తిమయి కథ పెదనాన్న పక్షానే నిలబడుతుంది. దారి పక్క గుడ్డివాడు కేకలు వేస్తుంటే ఊరుకోమని గద్దించింది యేసు వెంట నడుస్తున్న జనం. అతను ఇంకా గట్టిగా కేక వేశాడు. యేసు ఆగాడు. కేక వేసినవాణ్ణి ఆయన ఎక్కడా తప్పుపట్టలేదు.

స్త్రీగా నేను దీనికి ఇంకొకటి కలపాలి. "స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెను" అన్న వాక్యాన్ని చూపించి మా అమ్మ తరాన్ని ఎన్నిసార్లు కూర్చోబెట్టారో నాకు తెలుసు. మౌనం అన్న మాట వినగానే చాలామంది ఆడవాళ్ళకు అదే గుర్తొస్తుంది. పైనున్నవాడు కిందివాడి మీద పెట్టిన మౌనాన్ని ప్రార్థన అని పిలిస్తే అది పాపం. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

అయినా పెదనాన్నతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోయాను. బర్తిమయి కథలో కేక వేసినవాడు ఒకడున్నాడు, ఆగి విన్నవాడూ ఒకడున్నాడు. ఆగి "నేను నీకేమి చేయగోరుచున్నావు?" అని యేసు అడిగాడు. అతనికి ఏం కావాలో చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అయినా అడిగి, అతని నోటి నుంచే విన్నాడు. మన గుళ్ళలో కేక వేయడం నేర్చుకున్నాం, మంచిదే. ఆగి వినడం ఎవరు నేర్చుకున్నారు? అక్క లాంటివాళ్ళ కేక చాలాసార్లు శబ్దం లేకుండా ఉంటుంది. అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థిస్తున్నప్పుడు అది ఎవరికి వినబడుతుంది? అణగదొక్కబడిన జనం గుడిలో గొంతు తెచ్చుకుందంటే, ఆ గొంతును వినేవాళ్ళు కూడా ఆ గుడిలోనే తయారవ్వాలి.

మాటలు తగ్గించుకున్నవాళ్ళు

మౌనం మనది కాదు, బయటి నుంచి వచ్చింది అనేవాళ్ళ కోసం కొన్ని సంగతులు చెప్పాలి. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలోకి వెళ్ళిన క్రైస్తవుల్లో పాంబో అనే పెద్దాయన గురించి ఒక సంగతి చెప్పుకుంటారు. అలెగ్జాండ్రియా బిషప్పు తెయోఫిల్ వాళ్ళను చూడడానికి వస్తే, ఆయనకు మేలు కలిగేలా ఒక మాట చెప్పమని మిగతా సన్యాసులు పాంబోను అడిగారు. నా మౌనం వల్ల ఆయనకు మేలు కలగకపోతే నా మాట వల్లా కలగదని పాంబో జవాబిచ్చాడు. పొగరుగా చెప్పిన మాట అనుకోవచ్చు. నాకలా అనిపించదు. మన మాటకున్న బలం ఎంతో తెలిసిన మనిషి చెప్పిన మాట అది.

మన దగ్గరికే వస్తే, ఒంగోలు ప్రాంతంలో మాదిగల మధ్య మొదట సువార్త మోసిన యెర్రగుంట్ల పేరయ్య క్రీస్తును తెలుసుకోక ముందు ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు. తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ, రాత్రిళ్ళు కూర్చుని దేవుడి కోసం వెదికినవాడు. అతని వెదుకులాట క్రీస్తు దగ్గరికి చేరింది. ఆ వెదికిన మనసును సైతానుదని ఎవరైనా అనగలరా? ఇక 1938లో బైబిలు మిషను స్థాపించిన దేవదాసు అయ్యగారు. ఆయన లూథరన్ సంఘంలో పెరిగిన మనిషి. 'సన్నిధి' అనీ 'కనిపెట్టడం' అనీ ఆయన సంఘాల్లో ఇప్పటికీ వాడే మాటలు మనలో చాలామందికి తెలిసినవే. అడగవలసింది అడిగాక, ప్రభువు ముందు మాట లేకుండా కనిపెట్టుకుని ఉండడం ఆ సంఘాల ప్రార్థనలో భాగం. ఆ మిషను బోధలన్నిటితో నేను ఏకీభవించను. మా బాప్తిస్టువాళ్ళకు వాళ్ళతో తేడాలు చాలా ఉన్నాయి. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాలి. తెలుగు క్రైస్తవుడు తెలుగులోనే నేర్పిన మౌనం అది.

మౌనం మనిషిని సోమరిని చేస్తుందని, లోకం కష్టాలకు దూరం చేస్తుందని ఇంకొక వాదన ఉంది. దీనికి నాకు కనిపించే జవాబు క్వేకర్లు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో మొదలైన ఈ క్రైస్తవుల సాంప్రదాయ ఆరాధనలో పాస్టరు ఉండడు, ప్రసంగం ఉండదు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా ఆత్మ ప్రేరేపిస్తే లేచి మాట్లాడతారు, లేకపోతే లేదు. మొదటి నుంచీ ఆడవాళ్ళు కూడా అలా లేచి మాట్లాడారు. మౌనమంటే ఆడవాళ్ళ నోరు కట్టేయడమని భయపడేవాళ్ళు ఈ సంగతి చూడాలి. ఆ మౌనంలో పెరిగినవాడే జాన్ వుల్మన్ అనే దర్జీ. పద్దెనిమిదో శతాబ్దపు అమెరికాలో బానిసలను ఉంచుకున్న తోటి క్వేకర్ల ఇళ్ళకు ఒక్కొక్కటిగా వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఇది తప్పని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. 1776లో ఫిలడెల్ఫియా క్వేకర్ల సమావేశం తమ సభ్యులెవరూ బానిసలను ఉంచుకోకూడదని తీర్మానించింది. వుల్మన్ అప్పటికి చనిపోయి నాలుగేళ్ళు. ఊరికే కూర్చున్నవాళ్ళు ఊరికే ఉండిపోలేదు. అలాగని క్వేకర్లందరూ మొదటి నుంచీ మంచివాళ్ళేం కాదు. వారం వారం ఆ మౌనంలో కూర్చుని, ఇంటికెళ్ళి బానిసల చేత పని చేయించుకున్నవాళ్ళూ వాళ్ళే. మౌనం మందులా దానంతటదే పనిచేయదు. కానీ మనం వినకూడదనుకున్న మాట ఏదైనా ఉంటే, అది మనకు చేరడానికి కాస్త సందు ఇస్తుంది.

పన్నెండేళ్ళు, ఒక శనివారం

మన మౌనం గురించి ఇంతసేపు మాట్లాడాను. దేవుడి మౌనం గురించి మాట్లాడకపోతే ఇదంతా పైపైన అయిపోతుంది.

ఒంగోలులో ప్రేయర్ మీటింగ్ హిల్ అని పిలిచే కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ లైమన్ జెవెట్ దొర, ఆయన భార్య, నెల్లూరు నుంచి వెంట వచ్చిన తెలుగు విశ్వాసులు, అందరూ కలిపి అయిదుగురు, ఆ కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. అప్పటికి నెల్లూరు మిషన్ మూసేద్దామన్న ఆలోచన అమెరికాలోని బోర్డుకు వచ్చి ఉంది. ఆ ప్రార్థన చేసినవాళ్ళు కొండ దిగారు. ఒంగోలుకు కాపరి రాలేదు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. అదే మిషనుకు చెందిన మిషనరీ క్లౌ దొర వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది 1867 జనవరి 1న. మనం ఈ కథ చెప్పేటప్పుడు 1854 నుంచి నేరుగా 1878కి దూకేస్తాం. కొండ మీద ప్రార్థన, గుండ్లకమ్మలో బాప్తిస్మాలు. క్లౌ దొర రాకముందు గడిచిన పన్నెండేళ్ళ గురించి ఒక్క ప్రసంగం కూడా నేను వినలేదు. ఆ పన్నెండేళ్ళూ ఆ అయిదుగురి మనసుల్లో ఏం జరిగి ఉంటుంది? మనలో ఎక్కువమంది బతికేది ఆ మధ్యకాలంలోనే కదా.

ఒంగోలుకు చివరికి జవాబు వచ్చింది కాబట్టి ఈ ఉదాహరణ కూడా సాక్ష్యంలాగే మారిపోయే ప్రమాదం ఉంది. అక్కకు అలాంటి 1878 ఈ లోకంలో లేదు. అందుకే నేను శనివారం దగ్గరికి వస్తాను.

మంచి శుక్రవారం నాడు మనం మధ్యాహ్నం మూడు గంటలపాటు గుళ్ళో కూర్చుంటాం. సిలువ మీద ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు, మధ్యమధ్య పాటలు. సిలువ మీద వేలాడిన గంటలన్నిటిలో యేసు పలికినవిగా సువార్తల్లో ఉన్నవి ఏడే మాటలు. మిగతా సమయమంతా ఆయన మౌనంగానే ఉన్నాడు. పిలాతు ముందు కూడా ఒక్క మాటకైనా జవాబివ్వలేదు, అధిపతి ఆశ్చర్యపోయాడని సువార్త చెబుతుంది. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న కేకకు ఆకాశం నుంచి ఏ స్వరమూ రాలేదు. బాప్తిస్మమప్పుడు వచ్చిన స్వరం, కొండ మీద మేఘంలో నుంచి వచ్చిన స్వరం, ఇక్కడ రాలేదు. కుమారుడికే జవాబు రాని చోటు ఒకటి సువార్తలో ఉందన్నమాట.

ఆ మరుసటి రోజు శనివారం. ఆ రోజు గురించి సువార్తల్లో చాలా తక్కువ ఉంది. లూకా ఒక్క ముక్కలో, ఆజ్ఞ చొప్పున ఆ స్త్రీలు విశ్రాంతి దినాన తీరికగా ఉన్నారంటాడు. సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకుని కూర్చున్న ఆ ఆడవాళ్ళకు రేపు ఏం జరగబోతుందో తెలియదు. మా సంఘంలో ఆ రోజు ఏ కూటమూ ఉండదు. ఈస్టరుకు తోరణాలు కట్టడం, కొత్త బట్టలకు బజారు వెళ్ళడం. నేను ఆ పనులను తప్పుపట్టడం లేదు. కానీ అక్క కొడుకు పోయాక ఆమె ఎన్నో నెలలు బతికింది ఆ శనివారంలోనే. ఆమెను ఆదివారానికి లాక్కెళ్ళాలని అందరం ప్రయత్నించాం. శనివారంలో ఆమెతో కూర్చోవడం పాలామె ఒక్కదానికే తెలిసింది.

ఇంట్లో

పొద్దున్నే నేను కూర్చునేది పెద్దసేపేమీ కాదు. మాది రెండు గదుల ఇల్లు. "నీ గదిలోనికి వెళ్లి తలుపువేసి" అని యేసు చెప్పాడు గానీ, విడిగా గది ఉన్న ఇళ్ళు ఆ కాలంలో ఆ కొండమీది ప్రసంగం విన్నవాళ్ళలోనూ ఎంతమందికి ఉన్నాయో. అందరూ లేవకముందు వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటాను. కుళాయి వచ్చే టైమవుతోందేమోనని ఒక చెవి అటే ఉంటుంది. మొదట్లో మాటలు వాటంతటవే వచ్చేస్తాయి: అమ్మాయి ఫీజు, మా ఆయన బీపీ, స్కూల్లో గొడవ. వాటిని వెళ్ళగొట్టను. ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టి వదిలేస్తాను. అవి అయిపోయాక ఇంకేం చెప్పాలో తెలియని ఒక స్థితి వస్తుంది. చాలా రోజులు అక్కడ ఏమీ జరగదు. స్వరమేదీ వినబడదు. వినబడిందని నేనెప్పుడూ చెప్పను, అలా చెప్పేవాళ్ళంటే నాకు కొంచెం జంకు, ఐసీయూ బయట విన్న ఆ ఆడియో వల్ల.

జరిగేదల్లా తర్వాత జరుగుతుంది. స్కూల్లో ఒక పిల్ల హోంవర్కు ఎందుకు చేయలేదో చెబుతూ మధ్యలో ఆగిపోతే, ఆ ఖాళీని నా మాటతో నింపకుండా ఉండగలుగుతున్నాను. అలా ఆగితే ఒక్కోసారి అసలు సంగతి బయటికొస్తుంది: నాన్న రాత్రి కొట్టాడనో, అమ్మ పుట్టింటికి వెళ్ళిపోయిందనో. ప్రార్థనలో దేవుడి ముందు తొందరపడకుండా ఉండడం నేర్చుకుంటే మనుషుల ముందు కూడా తొందర తగ్గుతుంది. నాకు మౌనం నేర్పింది అదొక్కటే అయినా చాలు.

మూడు నిమిషాలు

నెలకోసారి ప్రభు బల్ల ఆరాధన ఉంటుంది కదా. రొట్టె విరిచే ముందు మూడు నిమిషాలు మైకు, కీబోర్డు ఆపి అందరం మౌనంగా ఉందామని పాస్టరుగారిని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. తనకు కూడా ఆ మాత్రం ఊపిరి కావాలని అన్నారు. సంఘ పెద్దలు పెదవి విరిచారు, కానీ వద్దనలేదు.

మొదటిసారి చాలా ఇబ్బందిగా గడిచింది. దగ్గులు, ఫ్యాన్ల చప్పుడు, బయట ఆటోలు. ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం ప్రభువా" అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఒక పసిబిడ్డ ఏడిస్తే తల్లి గాభరాగా బయటికి తీసుకెళ్ళింది. కొన్ని నెలలకు కుదుటపడింది. ఆ మూడు నిమిషాలే తనకు ఆదివారం అని ఒక కుర్రాడు చెప్పాడు. అది లేకపోతేనే బాగుండునని చెప్పినవాళ్ళూ ఉన్నారు.

అక్క మళ్ళీ గుడికి రావడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. నేను లోలోపల చాలా సంతోషించాను. ఈ మౌనం ఎవరి కోసమని నేను అడిగానో ఆమే వచ్చింది. ఒక ఆదివారం మెట్ల మీద చెప్పులేసుకుంటూ అంది: "ఆ మూడు నిమిషాలు తీసెయ్యమని చెప్పవే. పాట వస్తుంటే ఎలాగో ఉంటాను. అందరూ ఊరుకున్నప్పుడు వాడే కళ్ళముందుకొస్తాడు. ఏడుపాగదు. ఆ నిశ్శబ్దంలో నా ఏడుపు అందరికీ వినబడుతుందని నోట్లో కొంగు కుక్కుకుంటున్నాను."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. మౌనం గాయపడినవాళ్ళకు చోటిస్తుందని నేననుకున్నాను. ఆమెకు అది గాయాన్ని మళ్ళీ విప్పుతోంది. కొందరికి పాటే ఆసరా. పాట లేకుండా కూర్చునే బలం రావడానికి ఎంతకాలం పడుతుందో ఎవరం చెప్పగలం? అయినా నన్ను కలవరపెట్టింది ఆ నోట్లో కుక్కుకున్న కొంగు. మేం మౌనాన్ని పెట్టాం గానీ, అందులో ఏడవవచ్చని ఎవరికీ చెప్పలేదు.

పెద్దల కమిటీలో ఈ విషయం వచ్చింది. తీసేద్దామన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆశ్చర్యంగా పెదనాన్న ఉంచుదామన్నారు, అయితే ఒక షరతు పెట్టారు. ఆ మూడు నిమిషాల్లో ఎవరికి ఏడుపొచ్చినా ఏడవనివ్వాలి. ఎవరికి కేక వేయాలనిపించినా వేయనివ్వాలి. పక్కవాళ్ళు ఊరుకోమని అనకూడదు, పిల్లలను బయటికి పంపకూడదు, దాని మీద వెంటనే ప్రార్థన చేయకూడదు. ఈ మాటను ప్రతిసారీ మౌనానికి ముందు పాస్టరుగారు మైకులో చెప్పాలి. తీర్మానాల పుస్తకంలో అలాగే రాశారు. అక్కకు చదివి వినిపిస్తే, వచ్చే బల్ల ఆరాధనకు పాలామె పక్కన కూర్చుంటానంది.